పతకం తర్వాత కాదు, పతకానికి ముందు
(పరిగిలో చేసిన స్మారకోపన్యాసం)



సార్ పేరు మీద మాట్లాడమని నన్ను పిలిచారు. సంతోషంగా ఒప్పుకున్నాను. ఈ హాల్లో సగం మందికి ఆయన పీఈటీ కాబట్టి మీలాగే నేనూ సార్ అనే అంటాను. ఆయన సేవల గురించి నా ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నేను చేర్చగలిగింది ఒక్కటే. సార్ నన్నెప్పుడూ జట్టులోకి తీసుకోలేదు, స్కోరు పుస్తకం చేతికిచ్చాడు. అందులో ఆడే పిల్లవాడి పేరు పక్కన ఊరు, తండ్రి చేసే పని కూడా రాయించేవాడు. "ఎవరు గెలిచిన్రో అందరికీ యాదుంటది, పోరగాడు ఏ ఇంట్లకెళ్లి వచ్చిండో రాసిపెట్టు" అనేవాడు. నేను చదివిన చదువంతా ఆ పక్క గడిలోంచి వచ్చింది.

ఆటలతో ఆరోగ్యం, క్రమశిక్షణ, ఐకమత్యం వస్తాయని ఇలాంటి సభల్లో చెప్పడం మామూలే. అవి నిజమే. వాటి మీద సమయం తీసుకోను. చాలా ఏళ్లుగా నేను వాదిస్తున్న విషయం ఒకటుంది. నాకు ఈ గంట ఇచ్చారు కాబట్టి దాన్ని ఇక్కడే తేల్చుకోవాలని ఉంది.

హైదరాబాద్ ఫుట్‌బాల్ ఎందుకు పోయింది? ఎవర్ని అడిగినా సయ్యద్ అబ్దుల్ రహీం పోయాడు గనక పోయిందంటారు. ఆయన మీద 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా తర్వాత ఈ మాట మరీ గట్టిపడింది. రహీం సాబ్ గొప్పతనం గురించి నాకు రవ్వంత అనుమానం లేదు. ఆయన నడిపిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గా భారత్ 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఇంతవరకు ఎవరితోనూ పేచీ లేదు. నా పేచీ ఆయనతోపాటే ఆట పోయిందన్న ఆ తర్వాతి వాక్యంతో.

లెక్క చూడండి. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ 1956లో, 1957లో గెలిచింది. మూడోసారి, చివరిసారి ఆంధ్రప్రదేశ్ పేరుతో గెలిచింది 1965లో. అంటే రహీం సాబ్ పోయిన రెండేళ్లకు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన భారత జట్టుకు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్, హైదరాబాద్ బిడ్డ. అదే జట్టులో మహమ్మద్ హబీబ్. 1977లో పీలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన హబీబ్. వీళ్ల తర్వాత షబ్బీర్ అలీ. వీళ్లంతా రహీం సాబ్ నాటిన మొక్కలే కదా అని ఒక పండితుడు నాకు ఎదురు చెప్పాడు. హబీబ్ పుట్టింది 1949లో, షబ్బీర్ అలీ పుట్టింది 1956లో. రహీం సాబ్ పోయేనాటికి ఒకరికి పద్నాలుగు కూడా నిండలేదు, ఇంకొకరికి ఏడేళ్లు. గురువు పోయిన తర్వాత కూడా పదేళ్లు, పదిహేనేళ్లు ఆటగాళ్లు తయారవుతూనే ఉన్నారంటే ఆ నేలలో ఇంకేదో ఉంది. దాన్ని వెతకాల్సింది పోయి ఒక్క మనిషి చావు మీద చరిత్రంతా మోపడం నాకు నచ్చదు.

రెండో సమాధానం క్రికెట్. 1983 ప్రపంచ కప్పు తర్వాత పిల్లలంతా బ్యాటు పట్టారట. సంతోష్ ట్రోఫీ ఈ రాష్ట్రానికి చివరిసారి వచ్చింది 1965లో అని ఇప్పుడే చెప్పాను. అప్పటికి 1983 ఇంకా పద్దెనిమిదేళ్ల దూరంలో ఉంది. కారణం ఫలితం కంటే వెనక రాదు. 2024 డిసెంబరు 31న అదే ట్రోఫీ ఫైనల్ మన గచ్చిబౌలిలో జరిగింది. ఆడినవి బెంగాల్, కేరళ.

బోరియా మజుందార్, కౌశిక్ బందోపాధ్యాయ్ రాసిన 'గోల్‌లెస్', నోవీ కపాడియా రాసిన 'బేర్‌ఫుట్ టు బూట్స్' అనే భారత ఫుట్‌బాల్ చరిత్రలు నా బల్ల మీద ఎప్పుడూ ఉంటాయి. వాటికి నేను రుణపడి ఉన్నాను. అయినా ఆటగాడి జీతం ఎక్కడి నుంచి వచ్చేదన్న ప్రశ్న ఏ ఆట చరిత్రకైనా వెన్నెముక కావాలని నా పట్టుదల.

రహీం సాబ్ వృత్తి ఏమిటి? బడిపంతులు. ఆయన జట్టు ఎవరిది? పోలీసు శాఖది. నా వాదనంతా ఈ రెండు మాటల్లోనే ఉంది. బడిలో పిల్లవాణ్ని గుర్తుపట్టే మనిషి ఒకడు, ఆ పిల్లవాడికి మీసాలొచ్చేనాటికి నెలజీతం ఇచ్చే శాఖ ఒకటి. సిటీ పోలీస్ పిల్లవాడికి ఉద్యోగం ఇచ్చింది వాడు పతకం తెచ్చాడని కాదు, వాడు ఆడటానికి. ఇంట్లో పొయ్యి వెలుగుతుంది కాబట్టి తల్లి వాణ్ని మైదానానికి పంపేది.

తులసీదాస్ బలరాంను చూడండి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ పేద ఇంటి పిల్లవాడు. మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు, జకార్తా స్వర్ణం తెచ్చాడు. 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయాడు. 1963లో ఊపిరితిత్తుల జబ్బు ఆటను ఆపేసింది. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా లేవు. ఆ మనిషిని నిలబెట్టింది రైల్వే కొలువు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలోనే పోయాడు. తనతో కలిసి ముందువరసలో ఆడిన పీకే బెనర్జీకి, చునీ గోస్వామికి పద్మశ్రీ వచ్చింది, బలరాంకు రాలేదు. ఈ నేల కన్న ఆటగాడికి అన్నం పెట్టింది ఇంకో నేల. మన పతనం అక్కడ మొదలైంది, 1963 జూన్‌లో కాదు.

నా ప్రత్యర్థుల దగ్గరున్న బలమైన ముక్క హబీబ్. ఆయన ఉద్యోగాలు వద్దని ఆటనే వృత్తిగా బతికాడు, మరి నీ జీతం సిద్ధాంతం ఏమైందంటారు. నిజమే, ఆయన అలాగే బతికాడు. కానీ ఎక్కడ బతికాడు? క్లబ్బులు ఆటగాడికి డబ్బిచ్చే కోల్‌కతాలో. హైదరాబాద్‌లో ఉండి అలా బతకగలిగిన ఒక్క ఫుట్‌బాల్ ఆటగాణ్ని చూపితే నేను నా మాట వెనక్కి తీసుకుంటాను.

ఈ ఫుట్‌బాల్ గొడవ పరిగికి ఎందుకని మీరు అడగొచ్చు. ఇప్పుడు మన ప్రభుత్వాలు ఆటగాళ్లకు ఉద్యోగాలు ఇస్తున్నాయి. బాక్సర్ నిఖత్ జరీన్‌కు, క్రికెటర్ సిరాజ్‌కు డీఎస్పీ కొలువులు వచ్చాయి. పర్వతగిరి మండలం కల్లెడ కూలీల బిడ్డ జివాంజీ దీప్తి 2024లో కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది, పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించారు. చిన్నప్పుడు ఊళ్లో ఆ పిల్లను పిచ్చిదన్నారు. ఆమె పరుగును మొదట పసిగట్టింది బడిలో వ్యాయామం చెప్పే సారు. చాయ్ అమ్మే తండ్రి బిడ్డ అగసర నందిని హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్‌లో 5,712 పాయింట్లతో కాంస్యం గెలిస్తే పత్రికలన్నీ ఆ చాయ్ దుకాణం గురించే రాశాయి. ఆమెను చదివించి, తిండిపెట్టి, పరుగెత్తించిన సాంఘిక సంక్షేమ గురుకులానికి ఒక్క వాక్యం దక్కింది. పేదరికం ఎవర్నీ పరుగెత్తించదు. పరుగెత్తించేది పూటపూటా వేళకు అందే గుడ్డు, అన్నం, పక్కన నిలబడే కోచ్.

అయితే ఈ ఉద్యోగాలన్నీ పతకం తర్వాత వస్తున్నవి. సిటీ పోలీస్ కొలువు పతకానికి ముందు వచ్చేది. మొదటిది బహుమతి, రెండోది జీతం. ఇంటర్ అయిపోయి హాస్టల్ గేటు దాటిన పిల్లవాడికి, పతకం వచ్చే వయసుకు మధ్య ఐదారేళ్ల ఖాళీ ఉంది. మన పిల్లలు రాలిపోతున్నది అందులోనే. ఆ ఐదారేళ్లు జీతమిచ్చి, రోజుకు సగం పూట మైదానానికి వదిలే కొలువులు జిల్లాకు కొన్నయినా ఉండాలని నేను అడుగుతున్నాను. పోలీసు, ఆర్టీసీ, విద్యుత్తు సంస్థలు తలచుకుంటే ఇది కొత్త పని కాదు.

నేను ఇప్పుడు చేస్తున్న పని ఈ ఖాళీ మీదనే. పరిగి, వికారాబాద్, తాండూరు, కొడంగల్ బడుల నుంచి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, పరుగు పందాల్లో జోనల్స్ దాటి స్టేట్ ఆడి, తర్వాత ఆపేసినవాళ్ల జాబితా తయారు చేస్తున్నాను. గెలిచినవాళ్ల చరిత్ర పేపర్లలో దొరుకుతుంది, వీళ్లది ఎక్కడా లేదు. తాండూరు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలో, కంది చేలల్లో, హైదరాబాద్‌లో ఆటోల మీద వీళ్లు కనబడుతున్నారు. మోకాలు పోయి మాట్లాడటానికి ఇష్టపడనివాళ్లు ఉన్నారు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సర్టిఫికెట్ పట్టుకుని సెలెక్షన్లకు తిరిగి తిరిగి వయసు దాటినవాళ్లు ఉన్నారు. ఆడపిల్లల విషయం నన్ను ఎక్కువ బాధపెడుతోంది. చాలామంది చెప్పే ఆఖరి మ్యాచు పదో తరగతిదే. తర్వాత ఎందుకు ఆడలేదంటే పెళ్లి, లేకపోతే పొద్దుగూకినాక బస్సు లేకపోవడం.

ప్రతి ఒక్కరినీ ఆరు ప్రశ్నలు అడుగుతున్నాను. మొదట గుర్తుపట్టింది ఎవరు? బస్ చార్జీ ఎవరు పెట్టారు? బూట్లు ఎక్కడివి? ఏ ఏడాది ఆపారు? ఆపిన నెలలో ఇంట్లో ఏం జరిగింది? ఇప్పుడు నెలకు వచ్చేదెంత? వీటి జవాబులు నలభై యాభై ఏళ్ల మేరకు ఒక్కచోట చేరితే, కొలువు ముందు రావాలన్న నా వాదన నిలుస్తుందో కూలుతుందో ఎవరైనా చూసుకోవచ్చు. కూలితే దాన్నీ అచ్చువేస్తాను.

మీ ఇళ్లల్లో పాత సర్టిఫికెట్లు, జట్టు ఫొటోలు, టోర్నమెంటు కరపత్రాలు ఉంటాయి. దయచేసి తీసుకురండి. నకలు తీసుకుని అసలు అక్కడికక్కడే తిరిగి ఇస్తాం. ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు ఎడమ నుంచి కుడికి వరసగా, ఎవరు ఏ ఊరో కూడా విడి కాగితం మీద రాసి ఇవ్వండి. పేరు తెలియనిచోట గీత గీసి ఖాళీ వదలండి, పక్క ఊళ్లో అడిగి మేము నింపుకుంటాం.