సబ్సిడీ భిక్ష కాదు, మన వాటా

(జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నిరుద్యోగ యువతీ యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడ కూసున్న మనలో చాలామందిది ఒకప్పుడు ఒకటే జిల్లా. 2016 అక్టోబర్ 11న వరంగల్ జిల్లా ముక్కలైంది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలైనయి. కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది, సంతోషమే. కొలువు మాత్రం దగ్గరికి రాలేదు.

దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి జనగామ జిల్లాలనే ఉన్నది. 2010 మే 28న మానుకోట రైల్వే స్టేషన్ కాడ తూటాలకు రాళ్లతో ఎదురు నిలిచింది ఈ గడ్డనే. ప్రొఫెసర్ జయశంకర్ సారు పేరు పెట్టుకున్న జిల్లా భూపాలపల్లి. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతులు పోయేదాక అరిచినం. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నియామకాల సంగతి అడిగితే ఇప్పుడు ప్రతి నాయకుడు ఒకటే మాట చెప్తున్నడు: "కొలువు అడుగుడు కాదు, కొలువులిచ్చేటోళ్లు కండి."

మంచి మాటే. కాని ఎట్ల? పైసలెవరిస్తరు? తొవ్వ ఎవరు చూపిస్తరు? దాని గురించే ఈ రోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందుగాల ఒక మాట మనసుల పెట్టుకోవాలె. సబ్సిడీ అనేది ఎవని జేబుల నుంచి ఇచ్చే భిక్ష కాదు. భూపాలపల్లి బొగ్గు, చెల్పూరు కరెంటు, మానుకోట మిర్చి, జనగామ చెమట, ఇవన్ని కలిసి ఖజానాకు పోయినయి. అందుల మన వాటా మనం అడుగుతున్నం. చేతులు కట్టుకొని నిలబడే పని లేదు. అట్లనే సబ్సిడీ వస్తున్నదని దుక్నం పెట్టుడు కూడా పని కాదు. దుక్నం నడుస్తదని నమ్మకముంటేనే సబ్సిడీ అడగాలె. ఈ రెండు మాటలు కలిపి చూడాలె.

ఇక లెక్కల్లకు పోదాం. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, పీఎంఈజీపీ అంటరు, 2008ల వచ్చింది. 2022ల సవరించిన లెక్క ప్రకారం తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సేవల యూనిట్‌కు 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. ఊర్లె యూనిట్ పెడితే ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, మహిళలకు 35 శాతం సబ్సిడీ. మిగతావాళ్లకు 25 శాతం. పట్నంల అయితే 25, 15 శాతం.

ఒక తండా చెల్లె 10 లక్షలతోని యూనిట్ పెడుతున్నదనుకుందాం. ఆమె సొంతంగ పెట్టుకోవాల్సింది 5 శాతం, అంటే 50 వేలు. మిగతా తొమ్మిదిన్నర లక్షలు బ్యాంకు ఇస్తది. సబ్సిడీ మూడున్నర లక్షలు మాత్రం చేతికి రాదు. మూడేండ్లు బ్యాంకులనే ఆమె పేరు మీద డిపాజిట్‌గ ఉంటది. అంత మొత్తం అప్పు మీద మిత్తి పడదు. మూడేండ్లు యూనిట్ నడిపితే అది అప్పుల జమ అయితది. ఈ ముచ్చట తెల్వక చాలామంది "సబ్సిడీ ఎప్పుడు చేతికొస్తది" అని బ్యాంకు చుట్టు తిరుగుతున్నరు. చేతికి రాదు తమ్మీ, అప్పుల తగ్గుతది. భూమి ఖర్చు ఇందుల లెక్కకు రాదు. పాత దుక్నానికి రాదు, కొత్తదానికే వస్తది. ఒక కుటుంబంల ఒక్కరికే వస్తది.

పచ్చళ్లు, కారం, పసుపు, పిండి వంటలు చేసేటోళ్లకు 2020ల ఇంకో పథకం వచ్చింది. సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్లకు 35 శాతం, గరిష్ఠంగ 10 లక్షల వరకు సబ్సిడీ. కులవృత్తుల మీద ఉన్నోళ్లకు, కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, దర్జీ వంటి 18 వృత్తులకు, 2023 సెప్టెంబర్ 17న విశ్వకర్మ పథకం మొదలైంది. ముందు లక్ష, అది కట్టినంక రెండు లక్షలు, 5 శాతం మిత్తికి. పనిముట్లకు 15 వేలు. ఎస్సీ, ఎస్టీ యువత పరిశ్రమ పెడితే మన రాష్ట్రం 2014ల టీ-ప్రైడ్ తెచ్చింది. చిన్న అప్పు కావాల్నంటే 2015ల వచ్చిన ముద్ర ఉన్నది. అది ఉత్త అప్పు, సబ్సిడీ లేదు. ముద్రల సబ్సిడీ ఇప్పిస్తనని ఎవడన్న పైసలు అడిగితే వాడు దొంగ అని తెల్సుకోండి.

ప్రతి పథకానికి ఒక గడువు ఉంటది, నిబంధన మారుతుంటది. పేపర్ల చూసిన లెక్క పట్టుకొని పోవద్దు. అప్లికేషన్ పెట్టే రోజున జిల్లా పరిశ్రమల కేంద్రానికి పోయి, పథకం నడుస్తున్నదా, ఈ ఏడాది మన జిల్లాకు ఎన్ని యూనిట్లు ఇచ్చిన్రు, అందుల ఎన్ని మిగిలినయని అడగండి.

సలహా ఎక్కడ దొరుకుతది? ఇది పైసలకన్న పెద్ద ప్రశ్న. హైదరాబాద్‌ల 2015ల టీ-హబ్ పెట్టిన్రు, 2018ల మహిళల కోసం వీ-హబ్ పెట్టిన్రు. మంచి పనే. కాని రైలే లేని భూపాలపల్లి నుంచి, మహాముత్తారం అడవి పల్లె నుంచి ఒక పిల్ల ఆ అద్దాల మేడకు ఎట్ల పోతది? పోయినా ఏ భాషల మాట్లాడ్తది? అందుకని దగ్గర ఉన్నవి తెల్సుకోవాలె. కర్ణాటకల ఉజిరె అనే ఊర్లె 1982ల ధర్మస్థల ట్రస్టు, రెండు బ్యాంకులు కలిసి గ్రామీణ యువతకు స్వయం ఉపాధి శిక్షణ మొదలుపెట్టినయి. ఆ నమూనానే తర్వాత దేశమంత జిల్లా జిల్లాకు తెచ్చిన్రు. మనకు హసన్‌పర్తిల ఎస్‌బీఐ గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ అట్లాంటిదే. శిక్షణ ఉత్తగనే, తిండి, పండుకునుడు అక్కడ్నే. శిక్షణ అయినంక రెండేండ్లు వెంటపడి మంచి చెడ్డ అడగాల్సిన బాధ్యత వాళ్లది. మనమే పోయి అడుగుతలేం. మిర్చి, పసుపు, పండ్ల మీద పని చేద్దామనుకునేటోళ్లకు మానుకోట దగ్గర మల్యాలల కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. శాస్త్రవేత్తలతోని కూసొని మాట్లాడండి, ఫీజు లేదు.

ఇప్పుడు మా తప్పు కూడా చెప్పుకోవాలె. రాష్ట్రం వచ్చిన రెండేండ్లకు మేము నలుగురం దోస్తులం, అందరం డిగ్రీ చదివినోళ్లం, కారం గిర్ని పెడదామనుకున్నం. ధర్నాలు చేసుడు తెలుసు, రాస్తారోకో తెలుసు, ప్రాజెక్టు రిపోర్టు తెల్వదు. ఒక జిరాక్స్ సెంటర్ల దళారి అయిదు వేలు తీసుకొని రిపోర్టు రాసిచ్చిండు. బ్యాంకుల సారు నాలుగో పేజీ దాక చదివి, తల ఎత్తి అడిగిండు: "మీరు కారం పడ్తరా, కోళ్లను సాదుతరా?" ఎవరిదో కోళ్ల ఫారం రిపోర్టు మీద మా పేర్లు ఎక్కించిండు. సిగ్గుతోని బయటికొచ్చినం.

మళ్ల మేమే రాసుకున్నం. అందుల ఇంకో తప్పు. గిర్నికి, మోటరుకు, షెడ్డుకు లెక్క కట్టినం. మిర్చి కొనే పైసలు లెక్క కట్టలేదు. మిర్చి పంట కల్లంల కొచ్చి ధర పడిపోయినప్పుడు కొని పెట్టుకోవాలె, ఏడాదంత పట్టి అమ్మాలె. ఆ నెలల పైసలు లేకుంటే గిర్ని ఉన్నా లాభం లేదు. చివరికి బ్యాంకు ఇంటి కాయితాలు పెట్టుమన్నది. ఇంటి కాయితాలు పెట్టే ధైర్యం మా ఇండ్లల్ల ఎవరికి లేదు. ఎనిమిది నెలలు తిరిగి వదిలేసినం. ఇద్దరు బతుకుదెరువుకు పట్నం పోయిన్రు.

చిన్న పరిశ్రమలకు ఇచ్చే 10 లక్షల లోపు అప్పుకు జామీను అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లనే బ్యాంకులకు చెప్పింది. ఆ అప్పుకు పూచీ పడెటందుకు 2000లనే గ్యారంటీ ట్రస్టు పెట్టిన్రు. ఈ రెండు సంగతులు ఆ రోజు మాకు ఎవరు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇవాళ మీకు చెప్తున్నం. బ్యాంకు వద్దంటే నోటిమాటతోని తిరిగి రావద్దు. ఎందుకు వద్దంటున్నరో కాయితం మీద రాసియ్యమనండి. ఆ కాయితం పట్టుకొని లీడ్ బ్యాంకు మేనేజర్ దగ్గరికి, అక్కడ కాకుంటే కలెక్టర్ ప్రజావాణికి పోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై నుంచి ఉన్నది, దానికి ఒక్క రూపాయి ఫీజు లేదు. రెండు వేలు, మూడు వేలు ఇచ్చి చేయించుకోకండి.

ఇంకో సంగతి. ప్రకటనలు నమ్మి కూసోవద్దు. 2021ల హుజూరాబాద్‌ల దళితబంధు అని కుటుంబానికి 10 లక్షలన్నరు. కొందరికి వచ్చింది, ఎందరో ఎదురుచూసిన్రు. 2025 మార్చిల రాజీవ్ యువ వికాసం అని 6 వేల కోట్లు, 5 లక్షల మందికన్నరు. దాదాపు 16 లక్షల మంది అప్లికేషన్ పెట్టిన్రు. జూన్ 2న మంజూరు కాయితాలిస్తమని చెప్పి వాయిదా వేసిన్రు. జెండా మారింది, క్యూ మారలేదు. ఒక్క సీటుకు ముగ్గురు నిలబడ్డ చోట పైరవీకారుడు పుడ్తడు. అందుకని పథకం ఎప్పుడొస్తదా అని కాదు, వచ్చిన రోజు మన దగ్గర లెక్క తయారున్నదా అని చూసుకోవాలె. ఏం అమ్ముతం, ఎవరు కొంటరు, నెలకు ఎంత ఖర్చు, ఎన్ని నెలలకు లాభం అనేది ఒక నోట్‌బుక్కుల మన చేతితోనే రాసుకుంటే చాలు. దళారి రాసిన నలభై పేజీలకన్న అది బరువైంది. ఊరంత ఒకటే రకం బండ్లు కొంటే కిరాయి ఎవరిస్తరు? పక్కోడు పెట్టిండని పెట్టకుండ, ఊర్లె లేనిదేందో చూడాలె.

ఒంటిగ పోలేనోళ్లు కలిసి పోండి. ముల్కనూరుల 1956ల రైతులు సహకార సంఘం పెట్టుకున్నరు, తర్వాత అక్కడి అక్కలు సొంతంగ పాల డెయిరీ నిలబెట్టుకున్నరు. మనకు పక్కనే ఉన్న ఊరది. పెంబర్తి ఇత్తడి పనికి 2010ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరును మార్కెట్ల నిలబెట్టే బాధ్యత చదువుకున్న పిల్లలది కాదా?

చివరగ సర్కారును అడగాల్సింది కూడా అడుగుతం. విభజన చట్టం 13వ షెడ్యూల్‌ల బయ్యారం ఉక్కు కోసం సాధ్యాసాధ్యాలు ఆరు నెలల్ల చూస్తమని 2014ల రాసిన్రు. పదేండ్లు దాటింది, ఉక్కు రాలేదు. పెద్ద ఫ్యాక్టరీ ఉంటెనే దాని చుట్టు వంద చిన్న దుక్నాలు బతుకుతయి. కాబట్టి మా డిమాండ్లు మూడు. ప్రతి జిల్లాల ఏ పథకం కింద ఎందరు అడిగిన్రు, ఎందరికి ఇచ్చిన్రు, ఏ బ్యాంకు ఎన్ని తిప్పి పంపిందో నెల నెల నోటీసు బోర్డు మీద పెట్టాలె. ప్రతి మండలంల వారానికి ఒక రోజు తెలుగుల సలహా ఇచ్చే అధికారి కూసోవాలె. తండా పిల్లలకు శిక్షణ తండా దగ్గరికే రావాలె. ఇవి కోట్ల పని కాదు, మనసు పెడితే అయ్యే పని.

రాష్ట్రం ఎవరు ఉత్తగ ఇయ్యలేదు. కొట్లాడి తెచ్చుకున్నం. బతుకుదెరువు కూడా అంతే. ఒక చేతిల నోట్‌బుక్కు, ఇంకో చేతిల దరఖాస్తు పట్టుకొని పోదాం. మేము వెనుకున్నం. మీ తిరస్కరణ కాయితాలు ఈ పత్రికకు తెచ్చియ్యండి, పేరు బయటపెట్టకుండ అచ్చేసే పూచీ మాది.

జై తెలంగాణ!