నెల చందా ఎవరు ఎంత కట్టాలి? – యానాం మున్సిపాలిటీ ఉద్యోగుల ఆరోగ్య బీమా

ఈ ఎపిసోడ్‌లో జీతం స్లిప్పులో ఉండే ఒక చిన్న గీత గురించి మాట్లాడుకుందాం. ఆరోగ్య బీమా చందా. యానాం లాంటి ఊళ్లో మున్సిపాలిటీ తన ఉద్యోగులకి బీమా పెట్టాలంటే ఎవరి దగ్గర ఎంత తీసుకోవాలి?

ముందు మన చుట్టూ ఏముందో చూడండి. తమిళనాడులో ప్రభుత్వ ఉద్యోగుల దగ్గర 2021లో నెలకి 300 రూపాయలు అని పెట్టారు. చిన్న ఉద్యోగికైనా పెద్ద ఆఫీసర్‌కైనా అదే. పక్కనున్న ఆంధ్రాలో ఈహెచ్ఎస్ 2013లో 90, 120 అని రెండు శ్లాబులతో మొదలైంది. తర్వాత 225, 300 చేశారు.

అందరికీ ఒకటే అంటే సమానంగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ లెక్క వేయండి. 12,000 జీతగాడికి 300 అంటే రెండున్నర శాతం. లక్ష జీతగాడికి 0.3 శాతమే. అంటే చిన్న జీతం మీద బరువు ఎనిమిది రెట్లు ఎక్కువ.

సరే, శ్లాబులు పెడితే? కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్ఎస్‌లో 2017 నుంచి 250, 450, 650, 1000 అని నాలుగు మెట్లున్నాయి. మొదటి లెవెల్లో బేసిక్ 18,000, చందా 250. అంటే దాదాపు 1.4 శాతం. పద్నాలుగో లెవెల్లో బేసిక్ 1,44,200, చందా 1000. అది 0.7 శాతమే. మెట్లు పెట్టినా కింద వాళ్లే ఎక్కువ మోస్తున్నారండి!

ఇప్పుడు ఈఎస్ఐ చూడండి. 21,000 లోపు జీతం ఉన్నవాళ్లకి ఇది శాతం లెక్క. 2019 జులై నుంచి ఉద్యోగి 0.75 శాతం, యజమాని 3.25 శాతం. 12,000 జీతానికి మనిషి కట్టేది 90, యజమాని కట్టేది 390. వైద్యం ఒక్కటే కాదు, అర్హత ఉంటే జబ్బుపడి పనికి రాలేని రోజులకి 70 శాతం కూలి, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. రోజూ చీపురు పట్టే మనిషికి ఇదే అసలు బీమా.

2021 జూన్‌లో కేంద్ర కార్మిక శాఖ మున్సిపాలిటీల్లోని క్యాజువల్, కాంట్రాక్టు వాళ్లకి కూడా ఈఎస్ఐ వర్తింపజేయడానికి ముందుకొచ్చింది. ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఈఎస్ఐలో కాంట్రాక్టర్ పెట్టిన మనిషికైనా చందా కట్టే బాధ్యత మొదట ప్రధాన యజమానిది. కట్టి, కాంట్రాక్టర్ బిల్లులో పట్టుకోవచ్చు. యజమాని వాటా 3.25 కూలీ జీతంలో కోయడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు.

కాబట్టి నా అభిప్రాయం ఇదండి. 21,000 లోపు వాళ్లందరికీ ఈఎస్ఐ. ఆ పైన పర్మినెంటు వాళ్లకి జీతంలో ఒకే శాతం, మున్సిపాలిటీ వాటా అంతకి ఎక్కువ. "మేమెందుకు ఎక్కువ కట్టాలి, జబ్బు అందరికీ ఒకటేగా?" అని పెద్ద జీతాల వాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే పైన ఒక గరిష్ఠ పరిమితి పెట్టండి. కింద వాళ్ల మీద మాత్రం తొయ్యకండి.

ఇంకో సంగతి. చందా ఎంత న్యాయంగా ఉన్నా కార్డు ఎక్కడ పనిచేస్తుందన్నది మర్చిపోకూడదు. మన రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్ల పైన. వంతెన దాటితే ఎదుర్లంక, ఆంధ్రా. ఇటు కాకినాడ 30 కిలోమీటర్లు, అదీ ఆంధ్రాయే. 2024 ఫిబ్రవరిలో ఇక్కడ జిప్‌మర్ కన్సల్టింగ్ యూనిట్ వచ్చింది, సంతోషం. కానీ డాక్టరుకి చూపించుకోవడం వేరు, అర్ధరాత్రి గుండెనొప్పి వేరు. ఆ రాత్రి అంబులెన్సు వెళ్లేది కాకినాడకే. అందుకని కాకినాడ ఆసుపత్రులు జాబితాలో లేని పథకానికి రూపాయి చందా కూడా ఎక్కువే.

ఈ వీడియో చూస్తున్న కాంట్రాక్టు అన్నయ్యలు, అక్కలు ఒక పని చేయండి. స్లిప్పులో ఈఎస్ఐ అని కోశారా? కోస్తే మరుసటి నెల 15లోగా జమ కావాలి. మీ ఐపీ నంబరుతో ఉమంగ్ యాప్‌లో చూసుకోవచ్చు. రాకపోతే పిల్లల చేత చూపించుకోండి. జమ కాకపోతే జబ్బు రాకముందే అడగండి, వచ్చాక కాదు.

ఉంటానండి. మీ ఊళ్లో ఎంత కోస్తున్నారో కింద రాయండి.