అన్నిటికీ కన్‌ఫ్యూజనేనా? డౌట్, డైలమా, పజిల్, మిస్టరీ తేడా తెలుసుకుందాం

ఈ రోజు ఎపిసోడ్ నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను.

బీటెక్ అయ్యి, బెంగళూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక అమెరికా క్లయింట్‌తో కాల్. ఆయన తన డిజైన్ వివరిస్తున్నారు. ఒక చోట నాకు అర్థం కాలేదు. క్లాసులో చెయ్యెత్తిన అలవాటు కదా, "ఐ హ్యావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్" అనేశాను. అవతల రెండు సెకన్లు సైలెన్స్. ఆ తర్వాత పది నిమిషాల పాటు తన డిజైన్ ఎందుకు కరెక్టో ఆయన చెప్తూనే ఉన్నారు. నేను అడగాలనుకున్నది స్క్రీన్ మీద ఒక బాణం గుర్తు ఎటు పోతోందని, అంతే! కాల్ అయ్యాక మా లీడ్ అన్నారు: "నువ్వు అడిగింది ప్రశ్నే. ఆయనకు మాత్రం, నీ పని మీద నాకు నమ్మకం లేదు అన్నట్టు వినపడింది."

మన దగ్గర డౌట్ అంటే ప్రశ్న. అమెరికా, ఇంగ్లండ్ వాళ్లకు డౌట్ అంటే అనుమానం. కాబట్టి బయటి వాళ్లతో "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనండి. గొడవే ఉండదు.

ఇది మళ్లీ ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈ మధ్య ధర్మవరంలో బెంగళూరు రైలెక్కాను. పక్కన ఒక కుర్రాడు ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతున్నాడు. "అన్నా, ఇంగ్లీషు అంటేనే భయంగా ఉండాది" అన్నాడు. వాడి జవాబులు విన్నాను. ప్రాజెక్టులో సమస్య వస్తే కన్‌ఫ్యూజన్. రెండు ఆఫర్లు వస్తే కన్‌ఫ్యూజన్. సర్ అడిగింది అర్థం కాకపోతే "ఐ యామ్ కన్‌ఫ్యూజింగ్". తమ్ముడూ, ఆ మాటకు అర్థం ఏమంటే, నేనే అందర్నీ తికమక పెడుతున్నా అని! మనం తికమక పడితే కన్‌ఫ్యూజ్డ్, తికమక పెట్టేది కన్‌ఫ్యూజింగ్.

తెలుగులో పొడుపు కథ వేరు, చిక్కుముడి వేరు, మర్మం వేరు, సందిగ్ధం వేరు. ఇంగ్లీషులోకి పోగానే అన్నిటినీ ఒకే సంచిలో వేసేస్తాం. మనకు వచ్చిన ఇబ్బంది ఏ రకమో చెప్తేనే, ఎదుటివాళ్లకు ఏ సాయం చెయ్యాలో తెలుస్తుంది. ఆ రైలు దారిలోనే చూద్దాం రండి.

మొదటిది ధర్మవరం. చేతి మగ్గం మీద పట్టుచీర నేసే ఒక అన్న ఉన్నారనుకోండి. అలాంటి డిజైనే పవర్‌లూమ్ మీద తక్కువ ధరకు వచ్చేస్తుంది. కొన్ని రకాలను చేనేతకే కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది, అయినా పోటీ ఆగలేదు. మగ్గం వదిలేస్తే చేతిలో ఉన్న విద్య పోతుంది, పట్టుకుని కూర్చుంటే ఇల్లు గడవదు. ఈయన కన్‌ఫ్యూజ్ అయ్యారా? లేదు, ఆయనకు లెక్కంతా బాగా తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దీన్ని డైలమా అంటారు. కన్‌ఫ్యూజన్ అనుకుంటే మనం పోయి సలహాలు ఇస్తాం. ఆయనకు కావాల్సింది సలహా కాదు, ఇంకో దారి.

తర్వాత పెనుకొండ. దగ్గర్లో ఎర్రమంచి, అక్కడ కియా ఫ్యాక్టరీ. 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ అక్కడి నుంచే బయటికొచ్చింది. ఏడాదికి 3 లక్షల కార్లు చేసే సామర్థ్యంతో కట్టారు. అలాంటి ఫ్యాక్టరీలో ఒక సెన్సర్ మధ్యమధ్యలో తప్పు రీడింగ్ ఇస్తోందనుకోండి. వైరింగ్, రీడింగులు, టైమింగ్ అన్నీ ముందే ఉన్నాయి, కూర్చి చూడాలి. ఇది పజిల్. జవాబు ఖచ్చితంగా ఉంటుంది. ఇంటర్వ్యూలో "ఐ వాజ్ కన్‌ఫ్యూజ్డ్" అని ఆపేస్తే అక్కడే ఆగిపోయినట్టు ఉంటుంది. "ఐ వాజ్ పజిల్డ్, సో ఐ చెక్డ్ ద వైరింగ్ ఫస్ట్" అంటే ఆలోచించిన మనిషి కనిపిస్తాడు.

చివరికి హిందూపురం. అక్కడికి 15 కిలోమీటర్ల దూరంలో లేపాక్షి. 16వ శతాబ్దపు వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగడం మనందరం చేసిన పనే. ఆ బరువు ఎటు పోతోంది అన్నది ఇంజనీర్‌కు పజిల్, కొలిచి లెక్క కట్టొచ్చు. కావాలనే అలా నిలబెట్టారా, తర్వాత కదిలిందా? అది మిస్టరీ. కట్టినవాళ్లను అడగలేం, కావాల్సిన ముక్కలన్నీ మన చేతిలో లేవు. చూశారా, స్తంభం ఒకటే, ప్రశ్నను బట్టి మాట మారింది.

పొడుపు కథకు మాత్రం రిడిల్ అనండి. అది అవ్వ మనల్ని ఆట పట్టించడానికి వేసేది.

ఈసారి నోట్లో కన్‌ఫ్యూజన్ అన్న మాట వచ్చేలోపు ఒక్క క్షణం ఆగండి. నాకు అర్థం కాలేదా? అయితే క్వశ్చన్. ముక్కలు కూర్చాలా? పజిల్. రెండు దారులూ కష్టమేనా? డైలమా. తెలుసుకునే దారే దొరకడం లేదా? మిస్టరీ.

రైల్లో ఆ తమ్ముడు హిందూపురం దాటాక నన్నడిగాడు: "అన్నా, ఐ హ్యావ్ ఎ క్వశ్చన్. దిగేలోపు ఇంకోసారి ప్రాక్టీస్ చేద్దామా?" చేశాం. మీరూ ఈ వారం మీకు వచ్చిన ఒక తికమకకు సరైన పేరు పెట్టి, కింద రాయండి. మళ్లీ కలుద్దాం.