ఐసెన్‌హోవరు జమాఖర్చులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను గ్రామపు లెక్కలు వ్రాయువాడను. కళాశాల ముఖము చూచినవాడను కాను. రాత్రులు దీపము ముందు కూర్చుండి భారతమును కూడబలుకుకొని చదివినవాడను. అట్టి నాకు అమెరికా దేశాధ్యక్షుని గూర్చి మాటాడు పని యేల కలిగెనో ముందు మనవి చేసెదను. మన పఠనమందిరములో నొకనాడు ఐసెన్‌హోవరు ప్రస్తావన వచ్చినది. ఒక మిత్రుడు ఆయనను శాంతికాముకు డనెను. మరియొక మిత్రుడు, చేసినదంతయు చేసి పోవునపుడు నీతులు చెప్పినవా డనెను. వాదము ముదిరి, తీర్పు నా మీద పడినది. నాకు రాజనీతిశాస్త్రము తెలియదు, లెక్క చూచుట తెలియును. కావున ఆయన జమాఖర్చులను మీ యెదుట చదివెదను.

మా వృత్తిలో నొక ఆచారము గలదు. పని విడుచువాడు దఫ్తరము అప్పగించునపుడు వచ్చువాడు అతని మాటల తీపిని చూడడు. నిలువ యెంత, బాకీ యెంత యని చూచును. ఐసెన్‌హోవరు 1953 జనవరి 20వ తేదీన పదవి చేపట్టి 1961 జనవరి 20వ తేదీన అప్పగించెను. దానికి మూడు దినములు ముందుగా ప్రజలకు వీడ్కోలు చెప్పుచు నొక హెచ్చరిక చేసెను. పూర్వము తమ దేశమున నాగటి కర్రులు చేయువారే అవసరము వచ్చినపుడు కత్తులు చేసెడివారనియు, ఇప్పుడు శాశ్వతమైన ఆయుధ పరిశ్రమ వెలసినదనియు చెప్పెను. 35 లక్షల మంది రక్షణ వ్యవస్థలో నున్నారనియు, దేశమందలి కంపెనీలన్నిటి నికరాదాయమును మించిన ధనము ఏటేట సైనిక భద్రతకు వ్యయమగుచున్నదనియు లెక్క చూపెను. సైన్యమును, ఆయుధ పరిశ్రమయు కలిసి ప్రభుత్వముపై అనుచితమైన పలుకుబడి సంపాదింపకుండ కాచుకొనుడని కోరెను. రెండవ ప్రపంచయుద్ధములో ఐరోపాయందు మిత్రరాజ్యాల సేనలను నడిపిన సేనాని యీ మాట చెప్పుటచే లోకము ఆశ్చర్యపడినది.

ముందుగా జమ వైపు చూతము. కొరియా యుద్ధమును 1953 జూలైలో సంధితో నిలిపెను. 1956లో బ్రిటను, ఫ్రాన్సు, ఇజ్రాయెలు కలిసి ఈజిప్టుపై దండెత్తగా, ఆ మూడును తన మిత్రదేశములే అయినను, వెనుకకు మరలువరకు ఒత్తిడి చేసెను. 1957లో లిటిల్ రాక్ పట్టణమున తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులను బడిలో అడుగు పెట్టనీయకపోగా, వారికి రక్షణగా సైన్యమును పంపెను. 1959 డిసెంబరులో భారతదేశమునకు వచ్చెను. పదవిలో నుండగా మన దేశమునకు వచ్చిన అమెరికా అధ్యక్షులలో ఆయనయే ప్రథముడు. మరుసటి మే నెలలో 1 కోటి 60 లక్షల టన్నుల గోధుమను, 10 లక్షల టన్నుల బియ్యమును మన రూపాయలకే అమ్ముటకు ఒడంబడిక జరిగినది. ఆకలి తెలిసినవాడు ఈ పద్దును తక్కువ చేయడు.

వీటికి తోడు ఆయన పొదుపరి. ఎనిమిదేండ్ల పాలనలో 1956, 1957, 1960 సంవత్సరముల ఆదాయవ్యయములలో మిగులు చూపెను. లెక్కలు వ్రాయువాడనగుట చేత నాకు ఆయనపై గౌరవము కలిగిన దిచ్చటనే. అయితే నా అనుమానము పుట్టినదియు నిచ్చటనే.

పెద్ద సైన్యమును పోషించుట ఖర్చు. అణ్వస్త్రముల మీద ఆధారపడుట చౌక. యుద్ధము చేయుట ఖర్చు. గూఢచారులచేత పరాయి ప్రభుత్వమును కూలద్రోయించుట చౌక. ఆయన చౌక మార్గములను చేపట్టెను. పదవికి వచ్చిన నాడు వేయికి కొంచెము మించి యుండిన అణ్వస్త్రములు, దిగిపోవు నాటికి సుమారు 18 వేలకు పెరిగెను. తమ చమురును జాతీయము చేసిన ఇరాను ప్రధాని మొసాదెకును 1953 ఆగస్టులో పడద్రోయించిరి. పేదలకు భూమి పంచిన గ్వాటెమాలా అధ్యక్షుడు ఆర్బెంజును 1954 జూనులో పడద్రోయించిరి. 1960 మే 1వ తేదీన సోవియటు భూమిపై తమ గూఢచారి విమానము కూలగా, అది వాతావరణ పరిశోధన విమానమని ప్రకటించిరి. చోదకుడు ప్రాణములతో పట్టుబడుటచే బొంకు బయటపడినది. పారిస్ శిఖరాగ్ర సమావేశము చెడిపోయినది. మా భాషలో దానిని దొంగపద్దు అందురు.

ఆ చౌక బేరముల బాకీ యెవరి మీద పడెను? ఇరానులో రాజు నిరంకుశత్వము పెరిగి, 1979లో విప్లవము వచ్చి, అమెరికాపై ద్వేషము అక్కడి రాజనీతియైనది. గ్వాటెమాలాలో 1960 నుండి 1996 వరకు అంతర్యుద్ధము సాగి, 2 లక్షల మంది చనిపోవుటయో, జాడ తెలియకపోవుటయో జరిగెనని విచారణ సంఘము తేల్చినది. ఈ బాకీ ఆయన మిగులులో నెక్కడను కానరాదు. ఆ పుటను దాచిరి. ఇరాను కుట్రలో తన పాత్రను అమెరికా గూఢచారి సంస్థ తన పత్రములలో బాహాటముగా ఒప్పుకొనుట 2013లో, అనగా 60 ఏండ్లకు జరిగినది.

ఆయన పక్షమున నొక మాట చెప్పకున్న అన్యాయమగును. ఆయుధములు చాలవని, రష్యా మించిపోయెనని అరచిన వారికి ఆయన పూర్తిగా లొంగలేదు. 1953 ఏప్రిలులోనే ఒక పెద్ద బాంబరు విమానము ఖర్చుతో 30కి పైగా పట్టణములలో పాఠశాలలు కట్టవచ్చునని లెక్క వేసి చెప్పెను. నిరాయుధీకరణ సాధింపలేనైతినని వీడ్కోలునాడు నొచ్చుకొనెను. తెలిసియు ఆపలేకపోయెను. నాకు శాంతిపర్వము తలపునకు వచ్చినది. భీష్ముడు అంపశయ్యపై పండుకొని ధర్మరాజునకు రాజధర్మమంతయు బోధించెను. ఆ బోధ సత్యము. కాని ద్రౌపదిని సభకు ఈడ్చి తెచ్చిన నాడు అదే భీష్ముడు ధర్మము సూక్ష్మమని చెప్పి ఊరకుండెను. శాంతిపర్వము సభాపర్వపు బాకీని తీర్పదు. అయినను బాకీ యున్నదని శాంతిపర్వమును మూసివేయువాడు మూఢుడు.

కావున మిత్రులిరువురకు నా తీర్పు ఇది. ఐసెన్‌హోవరు హెచ్చరికను ఆయన ఖాతాలో జమ కట్టరాదు. లోపల నుండి చూచినవాని సాక్ష్యముగా మాత్రము భద్రపరచవలెను. కొట్టు కన్నము ఎచ్చట నున్నదో కాపలావానికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు గదా!

ఆ సాక్ష్యములో తరచుగా మరచిపోవు వాక్య మొకటి గలదు. ఆ కూటమిని అదుపులో నుంచగలది మెలకువయు, తెలివిడియు గల పౌరులు మాత్రమే యని ఆయన చెప్పెను. చట్టము నొక్కదానినే నమ్మలేదు, సైన్యమును నమ్మలేదు. చదివిన జనమును నమ్మెను. వాషింగ్టను నగరమున పలికిన ఆ మాటకును, ఈ పెంకుటింటి గ్రంథాలయమునకును గల సంబంధ మిదియే. పాలకుడు తనకు వలసిన పుటనే చూపును. దాచిన పుట తెరువబడు నాటికి చదువరి యుండవలెను. 60 ఏండ్లకు తెరచినను చదువువాడు లేనిచో అది మూసినట్లే.

ఇరువదియైదేండ్లు ఈ తలుపు తెరచి యుంచిన వారందరికి నా కృతజ్ఞత. ఏ ప్రభువు దిగిపోయినను, ఆయన వీడ్కోలు మాటతోపాటు కవిలెకట్టను గూడ ఈ బల్లపై పెట్టి తనిఖీ చేయు అలవాటు మన పిల్లలకు అబ్బుగాక యని కోరుచున్నాను.