ఇంటర్‌స్టెల్లార్‌లో ఆ కుర్రాడు గుర్తున్నాడా?

ఇంటర్‌స్టెల్లార్ మనలో చాలామంది హాస్టల్ రూమ్‌లో ల్యాప్‌టాప్ మీద చూసినవాళ్లమే కదా. అందులో హీరో కూతురు మర్ఫ్ అందరికీ గుర్తే. మరి కొడుకు టామ్? మొక్కజొన్న చేలో డ్రోన్ వెంటపడే ట్రక్కులో ఉంటాడే, అతనే తిమోతీ షాలమే.

అంతకుముందు 2012లో హోమ్‌ల్యాండ్ సిరీస్‌లో వైస్ ప్రెసిడెంట్ కొడుకుగా చేశాడు. 2014లో ఏకంగా నోలన్ సినిమా! తీరా చూస్తే పాత్ర తను అనుకున్నంత లేదు. చూసొచ్చి ఏడ్చేశానని ఇంటర్వ్యూల్లో తనే చెప్పాడు. అది విన్నప్పుడు నేను బెంచ్ మీద ఉన్న రోజులు గుర్తొచ్చాయి, ప్రాజెక్ట్ మెయిల్ కోసం పొద్దస్తమానం రిఫ్రెష్ కొట్టుకుంటూ... సరే, నా గోల వదిలేయండి.

2017లో కాల్ మీ బై యువర్ నేమ్ వచ్చింది. 22 ఏళ్లకే బెస్ట్ యాక్టర్‌గా ఆస్కార్ నామినేషన్! అందరూ కథ ఇక్కడే మొదలెడతారు. నాకైతే అసలు విషయం బాబ్ డిలన్ పాత్ర.

ఎ కంప్లీట్ అన్‌నోన్ షూటింగ్ కోవిడ్ వల్ల, తర్వాత హాలీవుడ్ సమ్మెల వల్ల వెనక్కి పోయింది. ఇంకొకరైతే డేట్లు వేరేవాళ్లకి ఇచ్చి ఈ సినిమాని మర్చిపోయేవారు. ఇతను వేరే సినిమాలు చేస్తూనే ఐదేళ్లకు పైగా గిటార్, హార్మోనికా సాధన చేశాడు. సెట్‌లో పాటలు లైవ్‌గా పాడాడు. 2025లో శాగ్ అవార్డు వచ్చింది, ఆస్కార్ మాత్రం ఏడ్రియన్ బ్రాడీకి పోయింది.

ఆ శాగ్ స్టేజీ మీదే, గొప్ప నటుల్లో ఒకణ్ణి కావాలనుందని ఓపెన్‌గా చెప్పేశాడు. కొందరు పొగరన్నారు. నాకలా అనిపించలేదండీ. మీకు?