బొమ్మల కథలు - వానియందలి రుచి



కథను చెవులార వినుట యొక సుఖము. గ్రంథమునందు చదువుకొనుట మరియొక సుఖము. బొమ్మను చూచుచు, దాని ప్రక్కనున్న నాలుగు మాటలను చదువుచు కథను గ్రహించుట యీ రెంటికిని నడుమనున్న మూడవ సుఖము. నేడు మన యిండ్లలో పిల్లలు సెల్ ఫోను చేతబట్టుకొని, వ్రేలితో పైకి త్రోయుచు, తమలో తాము నవ్వుకొనుచు చదువుచున్నది తరచుగా నీ మూడవ జాతి కథయే. ఇంటర్నెట్టులో వెలువడు నిట్టి కథలకు వెబ్ కామిక్కులని పేరు. “ఇది చదువా, ఆటయా?” యని పెద్దలు విసుగుకొనుట సహజము. తీర్పు చెప్పుటకు ముందు, వీనియందు జనులకింత ప్రీతి యేల కలుగుచున్నదో విచారింపవలెను.

ఇది మనకు క్రొత్త విద్య కాదు. తెలంగాణములోని చేర్యాల నకాషీ చిత్రకారులు మూడడుగుల వెడల్పును, నలువది యడుగులకు మించిన పొడవును గల గుడ్డపై కులపురాణములను వరుస క్రింద వరుసగా చిత్రించెడివారు. కథకుడు పటమును మెల్లమెల్లగా విప్పుచు కథ నడిపెడివాడు. కొరియా దేశమున నీ శతాబ్దారంభమున పుట్టి లోకమంతట వ్యాపించిన వెబ్‌టూనులను చూడుడు. అందును బొమ్మ క్రింద బొమ్మ దిగుచు వచ్చును. గుడ్డకు మారుగా గాజుపలక వచ్చినది. విప్పువాడు కథకుడుగాక చదువరియే యైనాడు. భేదమంతమాత్రమే.

ఈ కథల యందలి ప్రీతికి మొదటి కారణము పరిచయము. కాకినాడ చెంతనున్న మాధవపట్నము తోలుబొమ్మలాటకు పేరుపొందిన యూరు. ఆ యాటలో రావణుని కొలువెంత గంభీరముగా నున్నను, కేతిగాడును బంగారక్కయు నెప్పుడు వత్తురాయని జనులెదురుచూతురు. వారి స్వభావము మనకు ముందే తెలియును. ఈ రాత్రి యేమి చేయుదురో మాత్రము తెలియదు. ఆ తెలిసియు తెలియమిలోనే రుచి యున్నది. అమెరికాలో, పూర్వము నాసాలో పనిచేసిన రాండల్ మన్రో యనునతడు 2005లో ‘ఎక్స్‌కేసీడీ’ యను బొమ్మల వరుస నారంభించెను. అందలి మనుష్యులకు ముక్కు లేదు, కన్ను లేదు. గీతలతో నిలిపిన పుల్లబొమ్మలు. విషయము తరచుగా గణితమో విజ్ఞానశాస్త్రమో. ఐనను వారమునకు మూడు దినములు దానికై యెదురుచూచు చదువరులు దేశదేశములందున్నారు. బొమ్మ సొగసుకన్న బొమ్మలోని మనిషి పరిచయమే ముఖ్యమనుటకిది నిదర్శనము.

రెండవ కారణము మరింత లోతైనది. రెండు బొమ్మల నడుమ కొంత ఖాళీ స్థలముండును. ఆ ఖాళీలో జరిగినదానిని చిత్రకారుడు గీయడు, చదువరియే యూహించుకొనవలెను. ఉదాహరణమునకు: మొదటి బొమ్మలో క్రొత్తల్లుని యెదుట పళ్ళెరములో పూతరేకులున్నవి; అల్లుడు మామగారితో మాటలలో మునిగియున్నాడు. రెండవ బొమ్మలో పళ్ళెరము ఖాళీ. మూలనున్న చిన్న బావమరది మూతికి పంచదార పొడి. దొంగతనమును చిత్రకారుడు చూపలేదు, మనమే చూచితిమి! తాను పూర్తిచేసిన కథ కనుకనే చదువరికంత యానందము.

మూడవ కారణము, నొప్పి లేకుండ తప్పు చూపుట. ఇందుకు మన గోదావరి సీమయే గొప్ప సాక్ష్యము. 1931లో ధవళేశ్వరమున జన్మించిన ముళ్ళపూడి వెంకటరమణగారును, 1933లో నరసాపురమున జన్మించిన బాపుగారును కలిసి ‘బుడుగు’ను మనకిచ్చిరి. అది వరుస బొమ్మల కథ కాదు. వచనమునకు బొమ్మలు తోడైన గ్రంథము. అయినను మాటయు గీతయు విడదీయరానట్లు కలిసిన తీరునకు దానికన్న మంచి యుదాహరణము దొరకదు. అందు పసివాడు తన భాషలో లోకమును వర్ణించును. పరీక్షకు గురియగువారు పెద్దలే. వింత యేమనగా, ఎక్కువగా నవ్వినవారును పెద్దలే. రమణగారు 2011లోను, బాపుగారు 2014లోను గతించిరి. కాని బాపుగారి చేతివ్రాతను ఒరవడిగా గొని చేసిన తెలుగక్షరములు నేటికిని కంప్యూటర్లలో నున్నవి, శుభలేఖలలోను కనబడుచున్నవి. బొమ్మ అక్షరమునకు శత్రువు కాదనుటకింతకన్న నేమి కావలెను?

ఇక “చదువా, ఆటయా?” యను ప్రశ్న. ఐరోపాలో నీ విధమైన వరుస బొమ్మల కథలకు ఆద్యుడని చెప్పబడు రొడాల్ఫ్ టెప్ఫర్, జినీవా నగరమున పాఠశాల నడిపిన పంతులు. వినోదార్థము తాను గీసిన కథలలో నొకదానిని 1833లో నచ్చువేయించెను. అంతకు ముందే ఆ వ్రాతప్రతులను చూచి జర్మను మహాకవి గోథే మెచ్చుకొనెను. మన దేశమున 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మదరాసునుండి ‘చందమామ’ను వెలువరించిరి. శవమును భుజముపై వేసికొని నడచు విక్రమార్కుని బొమ్మను చూచి, క్రిందనున్న కథ కూడబలుకుకొని చదువు నేర్చినవారు ఈ మాటలు వినుచున్న పెద్దలలో నెందరో యుందురు. బొమ్మ పిలిచినది, అక్షరము కూర్చుండబెట్టినది.

కాని యొక చిక్కున్నది. చందమామ నేడు వెలువడుట లేదు. పిల్లలకు ఫోనులో దొరకు బొమ్మల కథలలో అధికభాగము అన్యభాషలలోనున్నవి. బొమ్మల నడుమ ఖాళీని చదువరి తనకు తెలిసిన లోకముతో పూరించునని చెప్పితిని గదా! పూతరేకన నేమో, క్రొత్తల్లుని మర్యాద యన నేమో తెలియని పిల్లవానికి ఆ ఖాళీ ఖాళీగానే మిగులును. పరదేశపు మంచు, పరదేశపు బడి, పరదేశపు విందు వానికి సుపరిచితములై, తన యింటి కాలువగట్టు అపరిచితము కావచ్చును. అన్యభాషలు నేర్చుట దోషము కాదు. మన భాషలో నవ్వుకొనుట మరచుటయే నష్టము. అంతేగాక, ఫోనులో మంచిదాని ప్రక్కనే పసివారికి తగనిదియు నుండును.

ఫోను లాగికొని దాచిన నీ నష్టము తీరదు. పెద్దలు ప్రక్కన కూర్చుండవలెను. “ఈ బొమ్మకును ఆ బొమ్మకును నడుమ నేమి జరిగినదిరా?” యని యడుగుడు. మనుమడు తెలుగులో చెప్పును. చెప్పుటలో మాటలు వచ్చును. పిదప మీ యూరి కథ యొకటి చెప్పి, నాలుగు గడులలో గీయుమనుడు. ప్రతి గడి క్రిందను తెలుగులో నొక్క వాక్యము వ్రాయుమనుడు. వంకర గీతలైన భయము లేదు. పుల్లబొమ్మలే లోకమును మెప్పించిన సంగతి వింటిరి గదా. నాగపూరునకు చెందిన రోహన్ చక్రవర్తి దంతవైద్యము చదివియు, అడవి జంతువులపై ‘గ్రీన్ హ్యూమర్’ అను బొమ్మల వరుస గీసి ప్రసిద్ధుడైనాడు. మన కోరింగ మడ అడవులలో చేపలుపట్టి తిను నీటిపిల్లి యున్నది. అది తెలుగులో మాటలాడు బొమ్మల కథ నేటి పిల్లలలో నొకరు గీయరాదా?

ఆ పిల్లవానికి కావలసినవి కాగితము, పెన్సిలు, కథ చెప్పు నొక పెద్దదిక్కు. మొదటి రెండును అంగడిలో దొరకును. మూడవది మీ చేతిలో నున్నది.