కోతి, ఎర్రచందనం: పోలికలు, భేదాలు

 

హాస్టల్లో సాయంత్రం చదువుకునే వేళ మేము పిల్లలతో పోలికలు, భేదాలు రాయిస్తుంటాం. ఈరోజు మీతోనూ అదే చేయిద్దామనుకున్నాం. ఒకవైపు మన కోతి, ఇంకోవైపు ఎర్రచందనం చెట్టు.

ముందు పోలికలు. రెండూ ఈ నేల బిడ్డలే. నడినెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టు, పొడవాటి తోక ఉన్న మన కోతి ద్వీపకల్ప భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పుట్టదు. ఎర్రచందనం చోటు ఇంకా చిన్నది: శేషాచలం, పాలకొండలు, వెలికొండలు, వాటి చుట్టుపక్కల. అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ రెండింటినీ ముప్పులో ఉన్నవాటి జాబితాలో చేర్చింది.

ఇక భేదాలు. కోతికి కాళ్లున్నాయి. అడవిలో పండ్లు దొరికితే బుగ్గల సంచుల్లో కుక్కుకొని పోయి, గింజలు దూరంగా ఉమ్మేస్తుంది. అక్కడ కొత్త మొక్క లేస్తుంది. పండ్లు దొరక్కపోతే బంగారుపాళ్యం మామిడి తోటలకు వస్తుంది, మా హాస్టల్ వంటగదికీ వస్తుంది. చెట్టు ఎక్కడికీ పోలేదు. రాతి నేలలో నిలబడి, రెక్కలున్న కాయలను గాలికి వదులుతుంది. దానికి ఎర్రటి చేవ పట్టడానికి దశాబ్దాలు కావాలి. నరకడానికి ఒక్క రాత్రి చాలు.

ఇంకో భేదం ధర. కోతికి ధర లేదని తరిమేస్తాం. చందనానికి ధర ఉందని నరికేస్తారు. ధర చూసి విలువ కడితే రెండూ మిగలవు.

మా భయం కూడా ఇక్కడే. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోయారు. చెట్లు నరకడానికి వచ్చారని పోలీసులు చెప్పారు. అందరూ తమిళనాడు పేదలు, వాళ్లలో జవ్వాది కొండల గిరిజనులూ ఉన్నారు. దుంగల మీద కోట్లు గడించేవాడు గొడ్డలి పట్టుకొని అడవికి రాడు. మనలాంటి ఇళ్ల పిల్లలను పంపిస్తాడు. చెట్టు లాగే వాళ్ల ప్రాణానికీ కూలి లెక్కే కడతాడు.

ఒక్క రాత్రి పనికి వేలు ఇస్తామని ఎవరైనా ఫోన్ చేస్తే ఇంట్లో చెప్పండి, మాకు చెప్పండి. మేము తిట్టం. కోతులకు ఎంగిలి అన్నం వేయకండి, వీలైనచోట నేరేడు, మర్రి మొక్కలు నాటండి. జంతువు అడుగు చూసి దారి చెప్పగలిగిన తాతల మనుమలు మీరు. ఆ తెలివికి బడి చదువు తోడైతే రేపు ఈ అడవికి బీట్ ఆఫీసర్లు మీరే కావచ్చు. అప్పుడు మా హాస్టల్ పిల్లలను మీరే అడవికి తీసుకెళ్లి, ఈ పాఠం చెప్పండి.